చెనక్కాయల పొట్లంలో దొరల బోణీ

కావలసిన వస్తువు వైపు చూడకుండా బేరమాడడం మా ఇంట్లో నాకు అక్షరాల కంటే ముందు నేర్పిన విద్య. పచ్చ గాజులు కావాలంటే ఎర్ర గాజుల ధర అడగాలి. అడిగి పెదవి విరవాలి. వెళ్లిపోబోతూ, అప్పుడే కంట పడ్డట్టు, "ఈ పచ్చవి ఎవురన్నా కొంటారా?" అనాలి. అప్పటికీ అంగడివాడు దిగకపోతే నడిచి వెళ్లిపోవాలి. వీధి మలుపు తిరిగేలోపు వాడే పిలుస్తాడు. పిలవకపోతే ఏం చేయాలి? ఆ ప్రశ్న నాకు డిగ్రీ ఆఖరి సంవత్సరం దాకా ఎదురుకాలేదు. ఎదురైన రోజు తిరుపతి బస్టాండు దాకా పిచ్చిదానిలా పరుగులు పెట్టాను.

మా నాయనకు తిరుపతిలో సామాన్ల అంగడి ఉండేది. డెబ్బయ్యో దశకం చివరి రోజులు. ఇంటింటా ఇత్తడి పోయి స్టీలు వస్తున్న కాలం. కొండ దిగి వచ్చిన యాత్రికులు చెంబో గిన్నో కొని, దాని మీద పేరు కొట్టించుకుని పోయేవాళ్లు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు పాత ఇత్తడి బిందెలు మోసుకొచ్చి మా గుమ్మంలో దించి, తూకం వేయించి, బదులుగా మిలమిలలాడే స్టీలు తీసుకుపోయేవాళ్లు. ఆ ఇత్తడంతా కరిగించడానికి పోయేది. మా అంగడికి ఒక పక్క జవుళి, ఇంకో పక్క కర్పూరం, కుంకుమ, ఎదురుగా గాజులు. అందరూ నాకు మామలో, చిన్నాయనలో అయ్యేవాళ్లు. రక్తసంబంధం వల్ల కాదు, గోడ పక్క గోడ కావడం వల్ల.

అమ్మ చీర కొనడానికి పోతే నన్ను వెంటబెట్టుకునే పోయేది. జవుళి మామ నన్ను చూడగానే తల పట్టుకునేవాడు.

"దీన్ని ఎందుకు పిల్చుకోనొచ్చినావక్కా? నన్ను బతకనీదు ఇది!"

ఆ మాట నాకు బిరుదులా ఉండేది. ఇంత గొప్ప బేరగత్తెవి ఇంగ్లీషు స్పెషల్‌లో ఎందుకు చేరావని ఎవరైనా అడిగితే, ఆ భాష మీద ప్రేమ అని చెప్పాలని ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆ సీట్లకు పోటీ లేదు. ఊరికే వస్తున్న సరుకును వదిలిపెట్టడం మా వంశంలో లేదు.

ప్రేమ తర్వాత పుట్టింది. పుట్టించింది మా ఇంగ్లీషు మేడమ్. ఖద్దరు చీర, మెడ దాకా జాకెట్టు, నవ్వితే ఎక్కడ మర్యాద తగ్గుతుందో అన్నట్టుండే ముఖం. పాఠానికి ముందు బోర్డు మూలలో ఒక పాత మాట రాసేది. ఇప్పుడు ఇంగ్లండులో కూడా ఎవరూ మాట్లాడని మాట. అర్థం చెప్పేది కాదు. మరుసటి రోజు దాకా మా మానాన మమ్మల్ని ఊహించుకోమని వదిలేసేది. మా చేతుల్లో ఉండే చిన్న డిక్షనరీల్లో అలాంటి మాటలు ఉండేవి కావు. మరుసటి రోజు మేడమ్ అర్థం చెప్పగానే నాకు ఒళ్లు జలదరించేది. ఒక పూట 'సెన్నైట్' అని రాసింది. ఏడు రాత్రులట, అంటే వారం. పగళ్లు వదిలేసి రాత్రులతో వారాన్ని లెక్కపెట్టుకున్న జనం ఒకప్పుడు ఉన్నారన్నమాట! ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మా గుమ్మంలో దిగే పాత ఇత్తడే గుర్తొచ్చేది నాకు. ఇంగ్లీషువాళ్లూ మాటలు మార్చుకున్నారు. కొత్త స్టీలు మాటలు తీసుకుని, పాత ఇత్తడి మాటలు తూకానికి వేసేశారు. నొక్కులు పడి, నల్లబడి, లోపల ఎవరి వంటింటి వాసనో ఇంకా పట్టుకుని ఉన్న మాటలు. వాటిని కరగనీయకూడదని నాకు పంతం పుట్టింది.

కానీ నాయన లెక్క వేరు. డిగ్రీ అయిపోతూనే నేను గల్లా దగ్గర కూర్చోవాలి. ఇందులో ఆయన దుర్మార్గం ఏమీ లేదు. నేను అంగట్లో ఉన్న రోజు సరుకు కదులుతుంది, లేని రోజు కదలదు. నాకేమో యూనివర్సిటీలో ఎం.ఏ. చదవాలని. అడిగితే ఆయన తూకం రాళ్లు తుడుస్తూ అన్నాడు.

"ఎం.ఏ. సదివి ఎవురికి అమ్ముతావు అమ్మణ్ణీ?"

"అమ్మేదానికి కాదు నాయనా."

"అమ్మేదానికి కానిది అంగడోళ్ల ఇంట్లో యాడుంటాదిమే?"

సరిగ్గా అప్పుడే కాలేజీలో మేడమ్ ప్రకటించింది. వార్షికోత్సవం ముందు పాత మాటల పోటీ. నాకు దారి దొరికింది. మా నాయనతో వాదించి గెలవలేం, ఏడ్చి గెలవలేం, బేరమైతే ఆడొచ్చు.

"ఈ పోటీ గెలిస్తే ఎం.ఏ.కు పంపిస్తావా?"

"గెలవకపోతే?"

"గల్లా కాడ కూసుంటా. మళ్లీ ఎం.ఏ. అనే మాట ఎత్తను."

ఆయన చెయ్యి చాపాడు. నేను చెయ్యి వేశాను. అమ్మ లోపలి నుంచి చూసి, "బిడ్డ సదువు గూడా బేరమేనా, ఏం మనుషులబ్బా మీరు!" అని తల కొట్టుకుంది. మా ఇద్దరికీ అందులో తప్పేమిటో అర్థం కాలేదు.

పోటీలో నాకు ఒక్కతే అడ్డు. మా క్లాసులోనే, గుడి కైంకర్యం చేసేవాళ్ల ఇంటి అమ్మాయి. వాళ్ల తాతగారికి అద్దాల బీరువా, ఆ బీరువాలో దిండంత డిక్షనరీ ఉండేవని కాలేజీలో అందరికీ తెలుసు. ఒకసారి చూడనిస్తావా అని అడిగాను. ఆ పిల్ల ఎంతో మర్యాదగా, "మడి పుస్తకం కాదు గానీ, తాతగారికి దాదాపు అంతే," అంది. అంటే లేదని.

అలాంటి పుస్తకం నాకు మా వీధి వెనక సందులోని పాత పేపర్ల అంగట్లో కనిపించింది. చిత్తూరులో ఏదో పాత బంగళా ఖాళీ చేస్తే వచ్చిన సరుకట. అట్ట ఊడింది, అంచులు చెదలు కొరికాయి. తెరిచి రెండు పుటలు చూశాను. ప్రతి మాట పక్కనా 'పాతది', 'ఇప్పుడు వాడరు', 'ఫలానా సీమలో మాత్రం' అని గుర్తులు. గుండె గొంతులోకి వచ్చింది. నోటిలోకి మాత్రం రానివ్వలేదు. మా ఇంటి విద్య నన్ను కాపాడింది, లేదా కాపాడిందని నేను అనుకున్నాను. వెంటనే మూసేసి, పక్కనున్న వారపత్రికల కట్ట ధర అడిగాను.

పాత పేపర్ల మామ ముసలివాడు, మంచివాడు. ధర చెప్పాడు. నేను పెదవి విరిచాను. తిరిగి పోబోతూ, కాలికి తగిలినట్టుగా డిక్షనరీని చూపించాను.

"ఈ చెత్త యాడిది మామా?"

"డిక్సనరీ అంట పాపా. తీసుకుంటావా?"

"ఎవురు తీసుకుంటారు దీన్ని? దీంట్లో ఉండే మాటలు ఇప్పుడు ఎవురూ మాట్లాడరు. దొరలే మర్చిపోయినారు. సచ్చిపోయిన మాటలు మామా ఇవన్నీ. సదివినోళ్లకి పనికిరాదు, సదవనోళ్లకి అసలే పనికిరాదు. నీ జాగా దండగ."

"అట్టనా?"

"చెదలు గూడా సగంలో వదిలేసి పోయినాయి సూడు."

ఎంత బాగా తిట్టానో! ఆ డిక్షనరీని తిట్టడంలో నా జీవితంలో అంతటి వాక్చాతుర్యం మళ్లీ చూపలేదు. నడిచి వెళ్లిపోయాను, అడుగులు నెమ్మదిగా వేస్తూ. మలుపు వచ్చింది. పిలవలేదు. సరే, మామకు చెముడు మొదలైందేమో అనుకున్నాను. ఇంకో ఉపాయం చేతిలో ఉంది కదా. రేపు పొద్దున్నే, అంగడి తలుపు తీయగానే, బోణీ బేరానికి పోతాను. బోణీకి వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపే అంగడివాడు మా ఊళ్లో పుట్టలేదు. అడిగిన ధరకు ఇచ్చి తీరాల్సిందే.

మరుసటి ఉదయం వెళ్లేసరికి మామ సాంబ్రాణి పొగ వేస్తున్నాడు. నా పుస్తకం ఉన్న చోట అట్ట ఒక్కటే ఉంది. లోపల ఏమీ లేదు.

"మామా! ఈడుండే పుస్తకం ఏది?"

"పొట్లాలకి ఇచ్చేసినా పాపా."

నేను ఆ ఉత్త అట్ట ఎత్తి పట్టుకున్నాను. "ఎందుకిచ్చినావు?"

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. "నువ్వే కదమ్మా చెప్పినావు, ఎవురికీ పనికిరాదని! నువ్వు అంగడోళ్ల బిడ్డవు, సరుకు ఎరిగినదానివి. నీ మాట మీద గురితోనే ఇచ్చేసినా. రొంత పూలోళ్లు, బొరుగులోళ్లు తీసకపోయినారు. మిగిలిందంతా రాత్రికి ముందే బస్టాండు కాడ చెనక్కాయలోడు వచ్చి పట్టకపోయినాడు. ఏం, కావాల్నా?"

నేనేం చెప్పను? బేరానికి అబద్ధమాడానని చెప్తే మళ్లీ ఆ వీధిలో ఎవరూ నాతో బేరమాడరు. నిజం మింగేసి, బస్టాండు వైపు పరుగు తీశాను.

చెనక్కాయలవాడి బండి మీద నా డిక్షనరీ పుటలు దారానికి గుచ్చి వేలాడుతున్నాయి. అప్పటికే సగం పొట్లాలయ్యాయి. పొట్లాలు బుట్టలో వరసగా నిలబడి ఉన్నాయి, మూతి చుట్టి, తోక మెలేసి. అక్కడైనా నా విద్య ఉపయోగపడుతుందనుకున్నాను. కాయల వైపు చూస్తూ కాగితాల ధర అడగాలి. కానీ ఆత్రం ముఖం మీద ఇంత లావున రాసి ఉంటే ఏ విద్య పని చేస్తుంది? దారానికి ఉన్న కాగితాలను రెండు చేతులా పట్టుకున్నాను.

"ఇవి నాకియ్యి అన్నా!"

"ఎట్టిస్తానమ్మా? కాయలు దేంట్లో కడతా? నా చొక్కాలోనా?"

"నీకు వేరే కాగితాలు తెచ్చిస్తా. దినపత్రికలు, మంచివి, పెద్దవి."

"ఇవే మేలమ్మా. దళసరిగా ఉండాయి. నూనె దిగదు." అతను నా ముఖం చూశాడు. చూసి, ఎంత కావాలంటే అంత లాగొచ్చని వెంటనే అర్థం చేసుకున్నాడు. అతనూ నాలాంటివాడే, పాపం. "కాగితాలు అమ్మను. కాయలు కొను, కాగితం ఊరికే ఇస్తా."

అంతే. ఊళ్లోకెల్లా గొప్ప బేరగత్తెను, అతను చెప్పిన ధరకు, ఒక్క పైసా తగ్గించమనకుండా, ఒడి నిండా పొట్లాలు కొన్నాను. పైగా ఏరుకున్నాను. "అది కాదు, ఆ వెనకది. దాని పక్కది."

"ఏ పొట్లంలోనైనా అవే కాయలు కదమ్మా!" అని అతను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

అక్కడే బెంచీ మీద కూర్చుని పొట్లాలు విప్పాను. కాయలు పక్కనున్న యాత్రికులకు పంచేశాను. ఊరికే చెనక్కాయలు పంచుతున్న పిల్లను చూసి ఏదో మొక్కు తీర్చుకుంటోందని అనుకుని కొందరు కళ్లకద్దుకుని తీసుకున్నారు. నేను కాగితాలు మోకాళ్ల మీద చదును చేసి చదవడం మొదలుపెట్టాను. ఇక ఆ బస్టాండు లేదు, రొద లేదు. 'గ్లోమింగ్' అట. పొద్దుగుంకి దీపాలు పెట్టక ముందు ఉండే ఆ బూడిదరంగు వెలుగు. దానికంటూ వాళ్లకొక మాట ఉంది! 'ఫార్డెల్' అంటే మూట. నెత్తిన పెట్టుకుని మోసే మూట. నా ఎదురుగా ఏర్పేడు బస్సు పైకప్పు మీదికి ఒకాయన మూడు ఫార్డెళ్లు విసురుతున్నాడు. 'హిగ్లర్', 'హక్‌స్టర్'. గుడ్లో, చిల్లర సామానో పట్టుకుని వీధులంట తిరుగుతూ బేరమాడి అమ్మేవాళ్లు. ఆ రెండు పుటల్లో మా వీధి వీధంతా దొరికినట్టయింది. ఇంత ఆనందం ఒంట్లో పట్టదు కదా, బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోయాను.

పక్కన ఒక కుటుంబం, అందరికీ గుండ్లు, గుండ్ల మీద గంధం. ఆ ఇంటి పెద్దాయన చేతిలో నా పుట ఒకటి, కాయలు సగం తిన్న పొట్లం.

"అయ్యా, ఆ కాగితం ఇస్తారా?"

"ఎందుకమ్మా?" ఆయన పొట్లం వెనక్కి లాక్కున్నాడు. "లాటరీ నంబరేమన్నా ఉండాదా దీంట్లో?"

"లేదయ్యా. మాటలుండాయి."

"మాటలా? మాది గూడూరు. నిమ్మకాయల మండీలో పెరిగినోడిని. మాటలకోసం ఎవురూ అంత ఆత్రంగా అడగరు. నిజం చెప్పు, ఏముండాది?"

చెప్పాను. పోటీ గురించి, నాయన గురించి, ఎం.ఏ. గురించి. ఆయన కాయలన్నీ భార్య కొంగులో కుమ్మరించి, కాగితం మడత విప్పి, గంధం చేతులతోనే నాకిచ్చాడు. "ఇంతుంటే ముందే చెప్పుండాల్సిందమ్మా. నేనింకా రొంత లాగదామని సూస్తాంటి."

ఆ కాగితం మీద గంధం అంటి కొంత, నూనె దిగి కొంత, అక్షరాలు అటువైపువి ఇటు కనబడుతున్నాయి. దాన్ని ఎండకు ఎత్తి పట్టి చదివాను. 'హ్యాండ్‌సెల్'. పాతది. ఏదైనా కొత్తగా మొదలుపెట్టేటప్పుడు మేలు కలగాలని ఇచ్చేది. వ్యాపారికి ఆ పొద్దు మొట్టమొదట ముట్టిన డబ్బు.

మళ్లీ చదివాను. లేచి నిలబడి, ఆ జనంలో, గొంతెత్తి అరిచాను.

"బోణీ!"

చెనక్కాయలవాడు అదిరిపడ్డాడు. "అయిపోయింది కదమ్మా బోణీ! నువ్వేగా చేసింది పొద్దున్నే!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వాళ్లకూ ఉండేది! ఎక్కడో మంచు కురిసే ఊళ్లో, ఏ చేపల అంగడివాడో, పొద్దున్నే మొదటి నాణెం చేతిలో పడగానే మా నాయనలాగే ఒక్క క్షణం ఆగి ఉంటాడు. ఆ ఆగడానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఇది. కాలేజీలో అన్నేళ్లుగా ఇంగ్లీషును నేను అద్దాల బీరువాలోని వస్తువులా చూశాను. ఆ పొద్దు అది బీరువా దిగి వచ్చి మా అంగడి గట్టు మీద కూర్చుంది.

దొరికిన పుటలు కొన్నే. మిగిలినవి పూలవాళ్లకు, బొరుగుల అంగళ్లకు చేరిపోయాయి. ఎక్కడో చిత్తూరు బస్సులో, బంగారుపాళ్యం బస్సులో కూడా పోయి ఉంటాయి. ఉన్నంతలో కంఠతా పెట్టాను.

పోటీ రోజున హాలు నిండిపోయింది. మేడమ్ మాట చెప్పడం, మేం అర్థం చెప్పడం. తెలియనివాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. నాకు 'గ్లోమింగ్' పడింది. ఏ అదృష్టమో, ఏ చెనక్కాయ పుణ్యమో! చివరికి నేనూ, కైంకర్యం వాళ్ల అమ్మాయీ మిగిలాం. ఆఖరి పట్టుకు మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. ఇద్దరూ తమ తమ మాట ఒక్కొక్కటి తెచ్చి ఎదుటివాళ్లను అడగాలి. ఎదుటివాళ్లు చెప్పలేకపోతే, అడిగినవాళ్లు సభకు అర్థమయ్యేలా చెప్పాలి.

ఆమె ముందు అడిగింది. "ఆరిజన్."

నా దగ్గర ఆ అక్షరం పుట ఒక్కటీ లేదు. అది ఏ మల్లెమొగ్గల చుట్టూ తడిసి ఉందో. తెలియదని తల ఊపాను. నాయన చేతిలో వేసిన చెయ్యి గుర్తొచ్చింది. ఆమె చేతులు జోడించి, కళ్లు మూసుకుని, గర్భగుడిలో హారతి ముందు నిలబడ్డ తాతగారిలా నిలబడి చూపించింది. "ప్రార్థన," అంది. నా ప్రాణం పోయినా సరే, బాగా చెప్పిందని ఒప్పుకోక తప్పదు.

నా వంతు. "హ్యాండ్‌సెల్."

ఆమె నుదురు ముడిచింది. చేతికి సంబంధించిందేమో అంది. దిండంత డిక్షనరీ తిరగేసిందట గానీ, ఆ మాట దగ్గర కన్ను ఆగలేదట. ఆగడానికి వాళ్లింట్లో అంగడి లేదు కదా. మేడమ్ నన్ను చూసింది. "నువ్వు చెప్పు."

నేను మాటలతో చెప్పలేదు. వేదిక మీది బల్లను అంగడి చేశాను. తలుపు తీశాను, నీళ్లు చల్లాను, సాంబ్రాణి వేశాను. మొదటి బేరం వచ్చింది. గొణిగాను, తిట్టాను, తగ్గించాను. లేని డబ్బు చేతిలో పడగానే ఆగాను. రెండు కళ్లకూ అద్దుకుని, గల్లాకు తాకించి, లోపల వేశాను. హాల్లో సగం మంది అంగళ్ల ఇళ్ల పిల్లలే.

"బోణీ! బోణీ!" అని బెంచీలు చరిచారు. మేడమ్ నవ్వింది. మర్యాద ఏమీ తగ్గలేదు.

తీర్పు మాత్రం నా నెత్తిన బండలా పడింది. ఇద్దరూ సమానం. బహుమతి ఇద్దరికీ కలిపి.

సాయంత్రం అంగడికి పోయి నాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"అంటే సగం గెలిచినావు."

"గెలిచినట్టే కదా నాయనా."

"సగం. ఎం.ఏ. ఎన్నేండ్లు?"

"రెండు."

"అయితే ఒక ఏడు సదువుకో."

"ఒక ఏడు సదివితే ఎవురూ డిగ్రీ ఇయ్యరు! చెంబును సగం కోసి అమ్ముతావా నువ్వు?"

"కొయ్యను. కానీ బేరం బేరమే." ఆయన ముఖంలో నవ్వు లేదు. నిజంగానే అంటున్నాడు. ఒక గిన్నె తీసి తుడుస్తూ అడిగాడు. "అంతకీ ఏం మాటమే నువ్వు అడిగింది?"

మడత పెట్టి దాచుకున్న కాగితం తీశాను. నూనె మరకల మధ్య ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాను. నాయన చేతిలోని గిన్నె అలాగే ఆగిపోయింది.

"ఆళ్లకీ బోణీ ఉండాదా?"

"ఉండేది నాయనా."

"తెల్లోళ్లకా?" ఆయన గట్టు దిగి వీధిలోకి పోయాడు. "ఒరే అప్పా, ఇట్ట రాండ్రా! దొరలకి గూడా బోణీ ఉండేదంటరా! పుస్తకంలో రాసుండాది! మా బిడ్డ కనుక్కొనింది!"

జవుళి మామ వచ్చాడు. కర్పూరం చిన్నాయన వచ్చాడు. గాజుల మామ బేరాన్ని నడిమధ్యలో వదిలేసి వచ్చాడు. అందరూ ఆ కాగితాన్ని పట్టుకుని చూశారు. వాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎవరూ లేరు, అయినా చాలాసేపు చూశారు.

"ఆళ్లు గూడా కండ్లకద్దుకుంటారా?" జవుళి మామ అడిగాడు.

కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాను. "కాదు మామా. ఆ నాణెం మీద ఉమ్మి, జేబులో వేసుకునేవాళ్లంట. కలిసొస్తాదని."

"థూ!" నాయన రెండు చెవులూ మూసుకున్నాడు. "లచ్చిమి మీద ఉమ్మతారా? అందుకేరా ఆ మాట పాతబడి మూలపడింది!" వీధంతా విరగబడి నవ్వింది. నవ్వు ఆగాక నాయన నా వైపు తిరిగాడు. ఆయన గొంతులో నిజమైన దిగులు ఉంది. "అయితే ఇప్పుడా మాట లేదా ఆళ్లకి?"

"ఎవురూ వాడరు నాయనా."

"మరి పొద్దున్నే అంగడి ఎట్ట తెరస్తాండారు పాపం?"

ఆ సాయంత్రం బేరం గురించి ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఒక ఏడే ఖాయమవుతుందని భయం.

మరుసటి ఉదయం నేనే తలుపు తీసి, నీళ్లు చల్లాను. బంగారుపాళ్యం నుంచి వచ్చిన కొత్త జంట ఒకటి గట్టెక్కింది. ఆ పిల్ల పెద్ద చెంబు మీద ఆశతో చిన్న చెంబు ధర అడిగింది. ఆమె విద్య నాకు తెలియనిదా! అయినా బోణీ కదా, ఆమె గెలిచానని అనుకునేటంత తగ్గించాను. చెంబు మీద ఇద్దరి పేర్లూ కొట్టించుకుని, మురిసిపోతూ పోయారు.

నాయన నోటు తీసుకుని కళ్లకద్దుకున్నాడు. గల్లాకు తాకించాడు. లోపల వేయలేదు. నా చేతిలో పెట్టాడు.

"పో. ఎం.ఏ.కి అప్లికేసను తెచ్చుకో."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "నాయనా, బోణీ దుడ్లు! దీపాలు పెట్టేదాకా గల్లా దాటకూడదు!"

"నాకు నేర్పిస్తావా?" ఆయన నోటును నా పిడికిట్లో పెట్టి మూశాడు. "దాటి యాడికి పోతాండాది? నీ సదువూ మన సరుకే గదా, దాని మీదనే పోతాండాది."

"ఒక ఏడుకా, రెండేండ్లకా?"

"ఒక ఏడు బేరానికి." తూకం రాళ్లు తుడవడం మొదలుపెట్టాడు, నా వైపు చూడకుండా. "ఇంగో ఏడు కొసరు. ఎవురికీ చెప్పొద్దు, అందరూ అడగతారు."

మాట మారుస్తాడేమోనని వెంటనే గట్టు దూకాను. నడవలేదు, పరుగే. వీధి మలుపు ఇంకా తిరగనే లేదు, వెనక నుంచి పిలుపు వచ్చింది.

"అమ్మణ్ణీ! ఆదివారాలు గల్లా కాడ కూసోవాల! ఇప్పుడే చెప్తాండా!"

"సరే నాయనా!" అని అరిచాను. ఆ చెనక్కాయల పొట్లాలు తప్పిస్తే, జీవితంలో ఒక్క మాట కూడా బేరమాడకుండా ఒప్పుకున్నది అదొక్కటే.